ఎడమకాలితో పనిలేని బండి

కూర్మన్నపాలెం జంక్షన్‌లో పచ్చలైటు పడింది. యాక్సిలరేటర్ తొక్కాను. ఇంజను గయ్యిమంది గానీ బండి కదల్లేదు. వెనకాల బస్సువాడు ఒకటే హారను. పక్క సీట్లో మా అత్తయ్య "ఏమైందమ్మా?" అంటూ నా చెయ్యి పట్టుకున్నారు. పదింటికల్లా ఆవిణ్ణి కంటి డాక్టరుకి చూపించాలి. మూడు నాలుగు సెకన్లు గడిచాక, వీపుమీద ఎవరో చరిచినట్టు ఒక్క కుదుపు కుదిపి బండి ముందుకు దూకింది.

నాకు మూడేళ్ళప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. పోలియో. నడవగలను, మెట్లెక్కగలను, కానీ ఆ కాలితో క్లచ్చి తొక్కడం నావల్ల కాదు. పెళ్ళయిన కొత్తలో మా వారి స్కూటరు వెనక సీటే నా వాహనం. ఆయనవి షిఫ్టు డ్యూటీలు. సి షిఫ్టు చేసొచ్చి పడుకున్న మనిషిని లేపి "గాజువాక తీసికెళ్ళండి" అనడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది చెప్పండి!

2017లో ఆయన స్నేహితుడొకాయన తన 2009 మోడల్ కారు అమ్మకానికి పెట్టారు. 1.8 లీటర్ల ఇంజను, ఐదు గేర్ల ఆటోమేటిక్, స్టీరింగు వెనకాల చెవుల్లా రెండు మీటలు. మా వారు దాని పికప్పు చూసి మనసు పారేసుకున్నారు. నేను కిందికి వంగి చూశాను. రెండే పెడల్స్! రెండూ కుడికాలివే. ఆ సాయంత్రం టౌన్‌షిప్‌లో ఖాళీ రోడ్డుమీద ఆయన పక్కన కూర్చుని నేర్పితే, వారం తిరిగేసరికి బండి నా చేతిలోకొచ్చింది. ఆ తరవాత ఊళ్ళోకి వెళ్ళడానికి నేనెవర్నీ అడగలేదు.

అలాంటి బండి నడిరోడ్డుమీద మొండికేసింది. అదీ ఎప్పుడు? 2024లో పదిహేనేళ్ళు నిండితే ఐదువేలు ఫీజు కట్టి, మరో ఐదేళ్ళకి రిజిస్ట్రేషన్ పొడిగించుకున్న కొన్నాళ్ళకే.

మొదట చూపించిన షెడ్డులో పది నిమిషాలు తిప్పి చూసి, "గేరుబాక్సు పోయిందండీ, మొత్తం మార్చాలి" అన్నారు. లక్షా ఇరవై వేలట. బండి ధరే అంతకి కాస్త ఎక్కువ! మా వారు లెక్కలేసి, "అమ్మేద్దాం, చిన్న ఏ.ఎం.టి. బండి తీసుకుందాం, అందులోనూ క్లచ్చి పెడల్ ఉండదుగా" అన్నారు. ఆ మాట నిజమే. 2014లో సెలెరియోతో మన దేశంలోకి ఏ.ఎం.టి. వచ్చాక రెండు పెడల్స్ బండి మధ్యతరగతికి అందింది. అందులో ఉండేది మామూలు గేరుబాక్సే, మన ఎడమకాలు చేసే పనిని ఒక యంత్రం చేసిపెడుతుంది. కానీ దానికి కొత్త అప్పు కావాలి. ఇంటర్ చదివే అమ్మాయి ఫీజులు ఎదురుగా ఉన్నాయి. పైగా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బండి పోతే మళ్ళీ "ఏమండీ, ఖాళీగా ఉన్నారా?" అని అడుగుతూ బతకాలి కదా అనిపించింది.

అసలు ఈ పెట్టెలో ఏముందని మా వారిని అడిగాను. ఆయన రెండు టేబులు ఫాన్లు ఎదురెదురుగా పెట్టారు. ఒకదానికే స్విచ్చి వేస్తే దాని గాలికి రెండోది కూడా మెల్లగా తిరగడం మొదలెట్టింది. ఆటోమేటిక్ బండిలో ఇంజనుకీ గేర్లకీ మధ్య జరిగేది ఇదేనట, కాకపోతే గాలికి బదులు నూనె. మధ్యలో మూడో చక్రం ఒకటుండి, తిరిగొచ్చే నూనెని మళ్ళించి బలం పెంచుతుంది. దాని పేరు టార్క్ కన్వర్టర్. "మా ప్లాంటులో కన్వేయర్లకి ఫ్లూయిడ్ కప్లింగులుంటాయి, దానికి చిన్నన్నలాంటిది" అన్నారు. నాకు నచ్చిందేమిటంటే, ఇది పుట్టింది కార్ల కోసం కాదు, ఓడల కోసం! స్టెట్టిన్ రేవులోని వుల్కన్ షిప్‌యార్డులో పనిచేసిన హెర్మాన్ ఫొట్టింగర్ అనే జర్మన్ ఇంజనీరు, వేగంగా తిరిగే ఆవిరి టర్బైనుకీ నిదానంగా తిరగాల్సిన ఓడ పంకాకీ పొత్తు కుదర్చడానికి 1905లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. కార్లలోకి రావడానికి దశాబ్దాలు పట్టింది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లతో జనరల్ మోటార్స్ అమ్మిన హైడ్రామాటిక్ పెద్ద ఎత్తున తయారైన మొదటి ఆటోమేటిక్, కాకపోతే అందులో ఉన్నది ఫ్లూయిడ్ కప్లింగే. యుద్ధంలో అమెరికా ట్యాంకులకీ అదే పెట్టారు. ఓడలు కట్టే ఊరిపక్కన ఉంటూ నాకిన్నాళ్ళూ ఈ సంగతి తెలియలేదు!

ఇలా నూనెతో నడిచే పెట్టె కాబట్టి నూనే దాని ప్రాణం. బలం అందించేదీ, గేరు మార్చేదీ, లోపలి క్లచ్చి పళ్ళేలని చల్లబరిచేదీ అదే. మరి మేమేం చేశాం? ఇంజనాయిలు ఏటేటా మార్చాం. గేరాయిలు ఊసే ఎత్తలేదు. "అది జీవితాంతం వస్తుంది" అని బండి అమ్మినాయన చెప్తే నమ్మేశాం. ఎవరి జీవితాంతమో అడగొద్దూ!

ఎవరో చెప్తే ఆటోనగర్‌లో ఒక పెద్ద మెకానిక్కు దగ్గరికి వెళ్ళాం. అరవై దాటిన మనిషి, ఒకప్పుడు డంపర్ల గేరుబాక్సులు విప్పి బిగించిన చెయ్యి. బండిని నడిపి చూడకముందే డిప్‌స్టిక్ లాగి తెల్లగుడ్డమీద తుడిచి నా ముందు పెట్టాడు. ఎర్రగా ఉండాల్సిన నూనె మూడురోజుల చింతపులుసులా నల్లబడింది. వాసన చూడమన్నాడు. మాడిన పోపు! ఇరవై ఏళ్ళుగా వంటింట్లో ఉన్నదాన్ని, నాకెవరూ చెప్పక్కర్లేదు.

"ఏటమ్మా, ఇన్నేళ్ళూ నూనె మార్చనేదా?" అన్నాడు. నేను మా వారికేసి చూశాను. ఆయన గోడకేసి చూశారు.

నూనె తీసే బోల్టుకి అయస్కాంతం ఉంటుంది. దానికి పట్టిన మడ్డిని వేలితో రుద్దాడు. కాటుకలా మెత్తగా ఉంది. "ముక్కలు నేవు. ఇది అరుగుదల పొడి. ముక్కలుంటే నానూ ఆ షెడ్డోళ్ళ మాటే సెప్పీవోణ్ణి. కొత్త నూనె పోసి సూద్దాం. బాగవుద్దని మాత్రం మాటివ్వను" అన్నాడు. ఆ ఆఖరి మాటతోనే నాకు నమ్మకం కలిగింది.

బోల్టు విప్పితే నూనె మొత్తం దిగదు. సగానికి పైగా కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకని తీసి పోసి, కొన్నాళ్ళు తిప్పి, మళ్ళీ తీసి పోసి, ఇలా మూడు విడతలు చేశాడు. ఎర్రగా ఉన్న నూనెలన్నీ ఒకటి కావు, బండి పుస్తకంలో ఏ రకం రాసుంటే అదే పోయాలని డబ్బా మీద అక్షరాలు నాచేతే చదివించాడు. నూనె దారులు తెరిచి మూసే సోలినాయిడ్లు విప్పి, వాటి జల్లెళ్ళు కడిగాడు.

ఈలోగా మా వారు తన జాబితా తీశారు. విదేశాల్లో పాత స్పీడు కార్లకి షిఫ్ట్ కిట్లు వేస్తారట, నూనె ఒత్తిడి పెంచితే గేరు టక్కున పడుతుందట, ఇంజను కంప్యూటరు కూడా మార్చుకోవచ్చట. ఆ పెద్దాయన అంతా విని, "బలం పెంచితే వేడి పెరుగుద్ది బాబూ. ముందు దీన్ని సల్లగా ఉంచండి" అన్నాడు.

మేం చేయించిన హంగు అదొక్కటే. ఇలాంటి బండ్లలో గేరునూనె చల్లబడేది రేడియేటరు తొట్టిలోనే. రేడియేటరు పాతబడి లోపల చిల్లిపడితే నీళ్ళూ నూనే కలిసి గులాబిరంగు మజ్జిగలా అవుతాయి. ఇక ఆ గేరుబాక్సు దాదాపు పోయినట్టే. మాది పదిహేనేళ్ళ రేడియేటరు, పైగా సముద్రపు ఉప్పుగాలి. అది తీసేసి కొత్తది వేసి, దాని ముందు వేరే చిన్న ఆయిల్ కూలరు, దారిలో ఒక ఫిల్టరు బిగించాడు. అన్నీ కలిపి ఇరవై ఎనిమిది వేలయింది. నా చీటీ డబ్బులు అక్కడికి సరిపోయాయి.

నూనె ఎందుకు మాడిందో కూడా ఆయనే రాబట్టాడు. అంతకు ముందు వేసవిలో ఐదుగురం సామానుతో అరకు వెళ్ళాం. అనంతగిరి ఘాట్ పొడుగునా ఏ.సి. వేసుకుని, డి లోనే పెట్టి, మా వారు మధ్యమధ్య ఆ చెవులు నొక్కుతూ సరదాగా నడిపారు. నూనె ఎనభై డిగ్రీలు దాటాక, ప్రతి పది పదకొండు డిగ్రీలకీ దాని ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కుల లెక్క. ఏళ్ళ తరబడి మార్చని నూనెకి ఆ ఒక్క ఘాటూ చాలు.

ఇప్పుడు సింహాచలం కొండెక్కినా కింది గేర్లోనే ఎక్కుతాను, దిగేటప్పుడూ అంతే. న్యూట్రల్‌లో పెట్టి జారనివ్వను. బండి పూర్తిగా ఆగకుండా రివర్సు వెయ్యను. వాలుమీద ఆపితే ముందు హాండ్‌బ్రేకు, ఆ తరవాతే పి. లేకపోతే బండి బరువంతా లోపల ఒక చిన్న కొక్కెం మీద పడుతుంది. బ్యాటరీ పోతే ఈ బండిని తోసి స్టార్టు చెయ్యలేమని ఇంటిల్లిపాదికీ చెప్పాను. ఆగిపోయినా తాడుకట్టి లాగకూడదు, ముందు చక్రాలు నేలకి తగలకుండా ఎత్తుకు వెళ్ళాల్సిందే. నూనె ముప్పైవేల కిలోమీటర్లకోసారి, మధ్యమధ్య రంగు చూడడం. దీనికి ఇంజను వేడిగా ఉండాలా, నడుస్తూ ఉండాలా, ఆపి చూడాలా అన్నది బండిబండికీ మారుతుంది. మీ పుస్తకం చూసుకోండి. చాలా కొత్త బండ్లకి అసలు డిప్‌స్టిక్కే ఇవ్వడం లేదు, వాటికి షెడ్డే గతి.

బండి పూర్తిగా బాగుపడిందని చెప్పను. చలికాలం ఉదయాల్లో రెండు నించి మూడులోకి మారేటప్పుడు ఇప్పటికీ చిన్న కుదుపు వస్తుంది. "ఎప్పుడో ఒకనాడు విప్పక తప్పదమ్మా" అనే పెద్దాయన కూడా చెప్పాడు. ఆ ఒకనాటి కోసం నెలకి రెండువేల చీటీ వేస్తున్నాను. మా వారికి తెలుసు, ఏమీ అనరు.

అత్తయ్యకి రెండో కంటికి కూడా ఆపరేషనయింది. మొన్న ఆదివారం నేను డిప్‌స్టిక్ తీస్తుంటే, మామయ్యగారి పాత పంచెముక్క పట్టుకొచ్చి తనే తుడిచారు. గుడ్డని ఎండలోకి ఎత్తి, కొత్త కళ్ళద్దాల్లోంచి చాలాసేపు చూసి, "ఎర్రగానే ఉందే" అన్నారు.