గోగు వేళ్లపై బుడిపెలు

ఉత్తరాంధ్రలో గోగుసాగు మునుపటికంటె తగ్గినను, ఆమదాలవలసలో పరిశోధన కేంద్రము కలిగిన పంట అది. పెరికిన గోగు వేళ్లపై బుడిపెలు కనిపించినచో వాటిని వేరుశనగకు మేలుచేయు బుడిపెలవంటివని భ్రమపడరాదు. అవి గోటితో గిల్లిన ఊడివచ్చును. ఇవి రావు, వేరు తానే ఉబ్బినది కనుక.

దీనికి కారణము మెలోయిడోగైన్ ప్రజాతి నులిపురుగు. ఆపిల్ పండువంటి ఆడది అని ఆ గ్రీకు పేరునకు అర్థము. తగిన పేరే! పిల్లపురుగు సుమారు 0.4 మిల్లీమీటర్ల పొడవుగల సన్నని పోగు. నోటిలోని బోలుసూదితో వేరును ఛేదించి లోపల చేరి, అన్నవాహిక గ్రంథుల స్రావమును కణములలోనికి చిమ్మును. అవి బహుకేంద్రకములుగల రాక్షసకణములై దానికి వంటశాలలగును. ఆడపురుగు ఇక కదలదు. గుండ్రముగా ఉబ్బి, వందలకొలది గ్రుడ్లను జిగురుముద్దలో పెట్టును. మగది దారమువలెనే మిగులును.

ఆడపురుగు గుదము చుట్టునుండు గీతలు మన వ్రేలిముద్రలవంటివి. 1949లో చిట్‌వుడ్ వీటి ఆధారముగా జాతులను వేరుపరచెను. ఇన్‌కాగ్నిటాలో పై కమాను ఎత్తుగా నుండును. జవానికాలో ఇరుప్రక్కల స్పష్టమైన రేఖలుండును. ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. ఇన్‌కాగ్నిటా వేరుశనగపై వృద్ధిచెందదు. అరినేరియాలోని ఒక తెగ ఆ పంటనే పీడించును. గోగు తరువాత వేరుశనగ వేయవచ్చునా అను రైతు ప్రశ్నకు సమాధానము పురుగు జాతినిబట్టి మారును. గీతలు ఒక్కొక్కప్పుడు కలగాపులగముగా నుండుటచే నేడు డి.ఎన్.ఏ. పరీక్షను కూడ జతచేయుచున్నారు.