డిజిటల్ ఛాయాచిత్రాల్లో నాయిస్: ఉద్దానం తుపాను చిత్రాల నేపథ్యంలో పరిశీలన

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక. గంటకు 140–150 కిలోమీటర్ల గాలికి ఆ పేరు ఏమాత్రం పొసగదు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఇటువంటి విపత్తులో తీసిన ఛాయాచిత్రం నష్టానికి సాక్ష్యంగా నిలుస్తుంది. మబ్బు కమ్మిన వేళ, చాలినంత వెలుతురు లేనిచోట తీసిన చిత్రాల్లో ఇసుక చల్లినట్లు మచ్చలు కనిపించడం సహజం. వీటినే 'నాయిస్' అంటారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో వీటిని తగ్గించేటప్పుడు సాక్ష్యంలో ఏ భాగం చెరిగిపోతుందో పరిశోధకుడు గుర్తించవలసి ఉంటుంది.

నాయిస్‌కు ప్రధాన మూలం కాంతి స్వభావంలోనే ఉంది. సెన్సర్‌లోని ఒక పిక్సెల్‌కు సగటున 10,000 ఫోటాన్లు చేరితే సహజమైన హెచ్చుతగ్గు సుమారు 100, అనగా 1 శాతం. చేరినవి 100 మాత్రమే అయితే హెచ్చుతగ్గు 10, అనగా 10 శాతం. ఐఎస్ఓ పెంచినందువల్ల చిత్రం ప్రకాశవంతమవుతుంది గాని, సెన్సర్‌కు అందని కాంతి అందదు.

ఫోటోషాప్ ఫిల్టర్ మెనూలోని నాయిస్ విభాగంలో యాడ్ నాయిస్, డెస్పెకిల్, డస్ట్ అండ్ స్క్రాచెస్, మీడియన్, రెడ్యూస్ నాయిస్ అనే సాధనాలున్నాయి. మీడియన్ పనితీరు తెలిస్తే తక్కినవాటి పరిమితులు కూడా బోధపడతాయి. దీని సరళ రూపంలో 3×3 గడిలోని తొమ్మిది పిక్సెళ్ల విలువలను ఆరోహణ క్రమంలో పేర్చి, ఐదవదానిని మధ్య పిక్సెల్‌కు ఇస్తారు. ఒంటరి చుక్క దీనితో సులభంగా తొలగుతుంది. అయితే ఆకాశం ఎదుట కొబ్బరి మట్టలోని సన్నని ఆకు ఒక్క పిక్సెల్ వెడల్పు నిలువు గీతగా పడిందనుకుందాం. గడిలో ఆకువి మూడు పిక్సెళ్లు, ఆకాశానివి ఆరు. ఐదవ విలువ ఆకాశానిదే అవుతుంది, ఆకు మాయమవుతుంది. రెండు పిక్సెళ్ల వెడల్పు ఉంటే నిలుస్తుంది. దూరం నుండి తీసిన తోట చిత్రంలో మట్టల చివరలే ముందుగా నునుపెక్కడానికి కారణమిదే. చిరిగిన మట్టను చిరగనిదాని నుండి వేరు చేసేవి కూడా ఆ చివరలే.

రెడ్యూస్ నాయిస్‌లో రంగుల నాయిస్‌ను విడిగా తగ్గించే వీలుంది. సన్నని వివరం ఎక్కువగా వెలుగునీడల్లో ఉంటుంది గనుక, రంగు మచ్చలను తగ్గించడం వల్ల నష్టం తక్కువ. ఒకే దృశ్యానికి చెందిన 16 చిత్రాల సగటు తీస్తే నాయిస్ నాలుగో వంతుకు తగ్గుతుంది. కానీ సముద్రపు గాలికి ఊగే మట్టల విషయంలో ఈ పద్ధతి పనికిరాదు.

నాయిస్‌ను చేర్చడానికీ ప్రయోజనాలున్నాయి. 8 బిట్ల చిత్రంలో ఒక్కో రంగుకు 256 స్థాయిలే ఉండడం వల్ల ఆకాశం చారలుగా విడిపోతే, స్వల్పమైన గాసియన్ నాయిస్ ఆ చారలను మరుగుపరుస్తుంది. స్వచ్ఛమైన చిత్రానికి తెలిసిన పరిమాణంలో నాయిస్ కలిపి, ఫిల్టర్ ఎంతవరకు మూలాన్ని తిరిగి తెచ్చిందో కొలవడం పరిశోధనలో ప్రామాణిక పద్ధతి. దిద్దిన చోటు తెలియకుండా నాయిస్ పూయడం మాత్రం సాక్ష్యచిత్రాల్లో అంగీకారయోగ్యం కాదు.

మేఘాల గుండా నేలను చూడగల రాడార్ ఉపగ్రహ చిత్రాల సంగతి వేరు. వాటిలోని 'స్పెకిల్' సంకేతానికి కూడికగా కాక గుణకంగా చేరుతుంది. అందువల్ల ఛాయాచిత్రాల సాధనాలు అక్కడ చాలవు. స్థానిక సగటును, విస్తృతిని ఆధారం చేసుకొని 1980లో జోంగ్-సెన్ లీ ప్రతిపాదించిన తరహా ఫిల్టర్లు అవసరమవుతాయి.