తూఁగు, తూఁచు: ఒక మూలధాతువు సంతతి

నిజామాబాదు జిల్లాలోని జక్రాన్‌పల్లి ప్రాంతమున పసుపుకొమ్ములను ఉడుకఁబెట్టి, ఎండఁబెట్టి, మెఱుఁగుపెట్టి, సంచులకెత్తి జోకుదురు. ‘తూఁచుట’ అను మాట అచట అరుదు. ‘జోకు’ మరాఠీ ‘జోఖణే’, హిందీ ‘జోఖనా’లకుఁ జుట్టము, అరువు మాటయని మా అభిప్రాయము. దానిచే వెనుకకు నెట్టఁబడిన ‘తూఁచు’ మాత్రము మన సొంతము. సంస్కృత ‘తులా’ శబ్దముతో దానిని ముడిపెట్టఁదోఁచుట సహజమే కాని, ఆ ముడి నిలువదు.

తమిళమున ‘తూంగు’ అనఁగా వ్రేలాడుట, ఊఁగుట, నిద్రించుట. ‘తూక్కు’ అనఁగా పైకెత్తుట, తూఁచుట. కన్నడ ‘తూగు’నకు ఊఁగుట, తూఁచుట రెండును అర్థములే. తమిళమున అకర్మకమైన ‘అడంగు’నకు ‘అడక్కు’ సకర్మకము. తెలుఁగున అడఁగు, అడఁచు. తూఁగు, తూఁచు అట్టి జంటయే. తమిళపు అనునాసికము మన అరసున్నలో నిలిచినది; ‘తులా’లోని లకారము ఈ రూపములలో నెచ్చటను లేదు. కావున *తూంక్ అను మూలమును ఊహింపవలసియున్నది. చుక్కగుర్తు ఆ రూపము ఊహితమని తెలుపును. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961) ఈ రూపముల నొక్కచోటనే చేర్చినది.

వ్రేలాడుటకును తూఁచుటకును పొత్తేమి? పైకెత్తి వ్రేలాడఁదీసినఁగాని త్రాసు పలుకదు. ఉయ్యెలలోని శిశువు, కునుకుపాటున వృద్ధుఁడు, త్రాసులోని పసుపు – మూఁడును తూఁగునవే.

ఇట్టి అర్థవికాసమే జర్మానిక్ భాషలలోని *వెగన్ ధాతువునందును గలదు. దాని మొదటి అర్థము కదలుట, మోయుట. 4వ శతాబ్దపు గోతిక్ బైబిలు అనువాదమున ‘గవిగన్’ అనఁగా కుదుపుట. ప్రాచీనాంగ్లమున ‘వెగన్’ మోయుటకును తూఁచుటకును చెల్లినది. నేఁటి ఆంగ్లపు ‘వే’ తూఁచుటయే యైనను, ఓడవారు లంగరెత్తుటకును ఆ క్రియనే వాడుదురు. పాత అర్థము సముద్రముపై బ్రదికినది! జర్మను ‘వీగెన్’నకు తూఁచుట, ఊఁచుట రెండర్థములు, ‘వీగె’ యనఁగా ఉయ్యెల. దారికి ‘వేగ్’, బండికి ‘వాగెన్’ అనునవియు ఈ కుటుంబములోనివే. ఇంకను వెనుకకుఁ బోయినచో సంస్కృత ‘వహ్’ ధాతువు, దానినుండి మన వాహన వివాహ శబ్దములు కానవచ్చును. మూలభాషలోని యొక మహాప్రాణము సంస్కృతమున హకారమును, జర్మానిక్‌లో గకారమును ఐనది. ఇది యాకోబ్ గ్రిమ్ 1822లో సూత్రీకరించిన మార్పులలోనిది.

ఇంతమాత్రమున *తూంక్, *వెగన్ సోదరులు కావు. అర్థము సాక్ష్యమునకు బలమిచ్చును గాని బాంధవ్యమును స్థాపింపఁజాలదు. అది ధ్వనుల పని. అరసున్న లేక ‘తూగు’ అని వ్రాసిన నేఁటి రచయితను మేము తప్పుపట్టము. వ్యుత్పత్తి పాఠమున మాత్రము దానిని విడిచిన ఉపాధ్యాయుఁడు ఉన్న సాక్షిని వెడలగొట్టినవాఁడగును. జోకెడివారి నోటను ‘తూకము’ ఇంకను వినఁబడుచునే యున్నది.