మీకు తెలుసా? నాజిల్ మీది అంకె ఊరికే వేసింది కాదు

ఎల్బీనగర్ దాటాక ఆటోనగర్ షెడ్లలో గ్యాస్ వెల్డింగ్ జరుగుతుంటే, పని ఆగినప్పుడు, మంట వచ్చే నాజిల్‌ను దగ్గరగా చూడండి. దాని మీద 1, 2, 3, 5, 7 లాంటి అంకె చెక్కి ఉంటుంది. మన దగ్గర వాడుకలో ఉన్న ఒక రకంలో ఆ అంకె, గంటకు సుమారు ఎన్ని ఘనపుటడుగుల గ్యాస్ ఖర్చవుతుందో చెబుతుంది. 1వ నంబరుకు ఆక్సిజన్, ఎసిటిలీన్ ఒక్కోటీ 28 లీటర్లు, 5వ నంబరుకు 140 లీటర్లు.

మిల్లీమీటరు లోపు ఉండే కారు బాడీ రేకుకు 1 చాలు. 2 మి.మీ. రేకుకు 3, 3 మి.మీ. కాస్త దాటితే 7. ఇంకో సంగతి: నిండు ఆక్సిజన్ సిలిండర్‌లో పీడనం 150 బార్ దాకా ఉన్నా, ఈ చిన్న నాజిళ్లకు రెండు గ్యాసులూ 0.14 బార్, అంటే 2 పీఎస్‌ఐ, సరిపోతాయి!

వేడి చాలకపోతే నాజిల్ మార్చాలి, ప్రెషర్ పెంచకూడదు. పెంచితే మంట బుస్సుమంటూ కరిగిన లోహాన్ని చెదరగొడుతుంది. మరీ తగ్గిస్తే గ్యాస్ వేగం మంట వేగం కన్నా తక్కువై, మంట టప్‌మని నాజిల్‌లోకి వెనక్కి దూరుతుంది. నాజిల్ వేడెక్కినా, రంధ్రంలో మసి పట్టినా ఇదే ప్రమాదం.

ఎసిటిలీన్ రెగ్యులేటర్ 15 పీఎస్‌ఐ దాటకూడదు. ఆ పైన ఈ గ్యాస్ ఆక్సిజన్ లేకుండానే పేలగలదు. అందుకే సిలిండర్‌లో దాన్ని అసిటోన్‌లో కరిగించి నింపుతారు; ఆ అసిటోన్ గ్యాస్‌తో పాటు బయటకు రాకుండా సిలిండర్‌ను నిలబెట్టే వాడతారు.