ఎక్కుడు దిగుడు చెప్పే ముల్లు

బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో చేసినవాళ్లకు వ్యాక్యూమ్ పాన్ కొత్త కాదు. లోపల గాలి ఒత్తిడి తగ్గిస్తే చెరకు పాకం తక్కువ వేడికే మరుగుతుంది, మాడిపోదు. అలాంటి చోట ఒత్తిడి చూపే ముల్లు గేజీకి పారిస్‌లో యూజీన్ బోర్డాన్ 1849లో పేటెంటు తీసుకున్నాడు. అదే నగరంలో లూసియన్ విడి అంతకు ఐదేళ్ల ముందే పలుచని లోహపు డబ్బీతో, పాదరసం అక్కర్లేని బారోమీటరు చేశాడు. విమానం నిమిషానికి ఎన్ని అడుగులు ఎక్కుతోందో, దిగుతోందో చెప్పే మీటరు ఆ డబ్బీ వంశంలోనిదే.

ఎత్తు తెలిస్తే చాలదా? చాలదు, అది ఎంత వేగంగా మారుతోందో కూడా తెలియాలి. ఒకే వేగంతో పైకో కిందికో పోతుంటే మన ఒంటికి ఆ సంగతే తెలియదు. లిఫ్టు కదిలేటప్పుడూ ఆగేటప్పుడూ తప్ప మధ్యలో ఏమీ అనిపించదు కదా! మబ్బులో ఉన్న పైలట్‌కూ అంతే.

అందుకే ఈ మీటరులో బయటి గాలిని రెండు దారుల్లో రానిచ్చారు. డబ్బీలోకి సూటిగా వస్తుంది. డబ్బీ చుట్టూ ఉన్న పెట్టెలోకి మాత్రం సన్నని రంధ్రం గుండా, ఆలస్యంగా వస్తుంది. విమానం ఎక్కితే బయటి ఒత్తిడి తగ్గుతుంది. డబ్బీలో వెంటనే తగ్గుతుంది, పెట్టెలో పాత ఒత్తిడే కాసేపు నిలుస్తుంది. డబ్బీ ముడుచుకుంటుంది, ముల్లు పైకి లేస్తుంది. దిగితే డబ్బీ ఉబ్బుతుంది. ఎత్తు మారకపోతే రెండు వైపులా ఒత్తిడి సమమై ముల్లు సున్నా మీద నిలుస్తుంది. కావాలని పెట్టిన ఆ చిన్న లీకే ఈ యంత్రానికి ప్రాణం. నాకు ఇందులో అన్నిటికన్నా అందంగా కనిపించేది అదే.

ఇంజను లేని గ్లైడర్లకు ఈ మీటరు దారి చూపింది. 1920ల చివర్లో జర్మనీలో అలెగ్జాండర్ లిప్పిష్ సలహాతో రాబర్ట్ క్రోన్‌ఫెల్డ్ దీన్ని వెంట తీసుకెళ్లి, పైకి లేచే గాలి ఎక్కడుందో ముల్లును చూసి పట్టుకున్నాడు.

పాత మీటరు సరైన అంకె చూపడానికి ఆరు నుంచి తొమ్మిది సెకన్లు తీసుకునేది. ముల్లు వెంట పరుగెత్తవద్దని శిక్షకులు చెప్పేది అందుకే. ఇప్పటి జెట్లలో గాలి ఒత్తిడినీ విమాన కదలికనూ కలిపి కంప్యూటరు లెక్కకడుతుంది.

నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయిన మనవాళ్లు సెలవుకు వచ్చి దిగేది శంషాబాద్‌లో. రన్‌వే వైపు గంటకు 260 కిలోమీటర్ల వేగంతో, మూడు డిగ్రీల వాలులో వచ్చే విమానం నిమిషానికి దాదాపు 750 అడుగులు దిగుతుంది. చెవులకు ఆ వేగం ఇబ్బందిగా ఉంటుంది. కాబట్టి క్యాబిన్ ఒత్తిడిని విడిగా, నిమిషానికి 300 అడుగులు దిగినంత మెల్లగా పెంచుతారు. క్యాబిన్‌లో ఒత్తిడి 8,000 అడుగుల ఎత్తుకు సమానంగా ఉంటే, శంషాబాద్ నేల 2,024 అడుగులు గనుక, అందుకు ఇరవై నిమిషాలు పడుతుంది.

అయినా కొందరికి చెవులు గడియలు పడతాయి. వచ్చే మీవాళ్లకు ఫోన్‌లో చెప్పండి: విమానం దిగడం మొదలయ్యాక నిద్రపోవద్దు, గుటకలు మింగుతూ ఉండాలి, చంటిబిడ్డకు పాలు పట్టాలి. గట్టి జలుబు ఉంటే విమానం ఎక్కే ముందే డాక్టరుకు చూపించుకోవాలి.