ప్రోస్టేట్ క్యాన్సర్: లొంగిన వ్యాధి మళ్లీ తిరగబడడం ఎందుకు?

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రెండు మూడేళ్లుగా హార్మోన్ ఇంజక్షన్లు వేయించుకుంటున్న పెద్దాయనకు రక్తపరీక్షలో పీఎస్‌ఏ మళ్లీ పెరిగినదని తెలిస్తే, ఇంటిల్లిపాదీ మొదట అనుమానించేది మందునే. అది నకిలీదేమో, ఒక రాష్ట్రంలో మొదలుపెట్టిన వైద్యాన్ని మరొక రాష్ట్రంలో కొనసాగించడం వలన మోతాదు తప్పినదేమో అన్న చర్చ మొదలవుతుంది. ఫలితం లేని సూదికి ఖర్చెందుకని మాన్పించేవారూ ఉన్నారు. నిజానికి చాలా సందర్భాలలో మందు తన పని తాను చేస్తూనే ఉంటుంది. మారినది క్యాన్సర్ కణం.

ప్రోస్టేట్ అనేది పురుషులలో మూత్రాశయం క్రింద, పెద్ద ఉసిరికాయంత ఉండే గ్రంథి. దాని కణాలకు జీవాధారం టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోన్. అయితే హార్మోన్ ఒక్కటే ఏమీ చేయలేదు. కణంలో దానిని పట్టుకొనే ఒక మాంసకృత్తి ఉంటుంది. దానికి ఆండ్రోజెన్ గ్రాహకం అని పేరు. హార్మోన్ అంటుకోగానే ఈ గ్రాహకం కణకేంద్రంలోకి ప్రవేశించి అనేక జన్యువులను మేల్కొలుపుతుంది. పీఎస్‌ఏను తయారుచేసే జన్యువు వాటిలో ఒకటి. కనుక చికిత్సలో ఉన్న రోగికి పీఎస్‌ఏ మళ్లీ పెరిగినదంటే, సాధారణంగా గ్రాహకం మళ్లీ పనిలోకి దిగినదని అర్థం.

వృషణాలను తొలగించి హార్మోన్‌ను తగ్గిస్తే ఈ క్యాన్సర్ అణగుతుందని 1941లో షికాగోలో చార్లెస్ హగ్గిన్స్ నిరూపించారు. అందుకు 1966లో నోబెల్ బహుమతి లభించింది. నేటి ఇంజక్షన్లు శస్త్రచికిత్స లేకుండా సాధించేది కూడా అదే ఫలితాన్ని.

ఇక జన్యువుల సంగతి. జన్యువు అంటే ఒక మాంసకృత్తిని తయారుచేసే విధానం వ్రాసి ఉన్న పుట వంటిది. ఆ పుటను కణం ఎంత అవసరమో అంతే చదవాలి. అదుపు తప్పి అదే పనిగా చదివితే దానిని జన్యువు యొక్క అతివ్యక్తీకరణ అంటారు. ఇది పలు విధాల జరుగవచ్చు. 2005లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో అరుళ్ చిన్నయ్యన్ బృందం ఒక వింతను కనుగొన్నది. పురుష హార్మోన్ సంకేతంతో పనిచేసే టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 జన్యువు యొక్క మీట, తెగిపోయి, ఈఆర్‌జీ అనే మరొక జన్యువుకు అతుక్కొన్నది. ప్రోస్టేట్‌లో మౌనంగా ఉండవలసిన ఈఆర్‌జీ, ఆపై హార్మోన్ అందినపుడల్లా విరివిగా తయారవుతుంది. పాశ్చాత్య దేశాల రోగులలో దాదాపు సగం మందిలో ఈ అతుకు కనిపిస్తుంది. ఆసియా దేశాలలో తక్కువ. ఈజెడ్‌హెచ్2 అనే మరొక జన్యువు వ్యాధి ఇతర అవయవాలకు పాకిన దశలో అధికంగా కనబడుతుంది. అది కణానికి కళ్లెం వేసే జన్యువుల నోరు మూయిస్తుంది.

వ్యాధి తిరగబడడంలో ప్రధాన పాత్ర మాత్రం ఆండ్రోజెన్ గ్రాహకానిదే. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉంటుంది. పురుషునికి ఆ క్రోమోజోము ఒక్కటే గనుక ఆ జన్యువుకూ ఒక్క ప్రతే ఉండాలి. 1995లో ఫిన్లాండ్‌లోని టాంపేరె పరిశోధకులు, హార్మోన్ చికిత్స తరువాత తిరగబెట్టిన 23 కణితులను పరీక్షించగా 7 కణితులలో ఈ జన్యువుకు అదనపు ప్రతులు కనిపించాయి. అదే రోగులలో చికిత్సకు ముందు తీసిన కణితులలో అవి లేవు. కాలువ సన్నగిల్లినపుడు ఒక్క మడవకు బదులు పది మడవలు తెరచుకొన్న మడి, పారే చుక్కనైనా వదలదు కదా! హార్మోన్ కరువులో క్యాన్సర్ కణం చేసేది ఇదే. అడ్రినల్ గ్రంథుల నుండి వచ్చే కొద్దిపాటి హార్మోన్ కూడా దానికి చాలుతుంది. అంతకన్నా ఆశ్చర్యం, గ్రాహకాలు పెరిగిన కణాలలో బైకలుటమైడ్ వంటి పాత నిరోధక మందు ఒక్కొక్కసారి నిరోధించడానికి బదులు ప్రేరేపిస్తుందని 2004లో చార్లెస్ సాయర్స్ బృందం చూపింది.

మందుపై అనుమానం తీరాలంటే రక్తంలో టెస్టోస్టెరాన్ పరీక్ష చేయించమని వైద్యుని అడగవచ్చు. డెసిలీటరుకు 50 నానోగ్రాముల కన్న తక్కువ ఉంటే ఇంజక్షన్ సక్రమంగా పనిచేస్తున్నట్లే. అప్పుడు దానిని మానకూడదు. మానితే సన్నగిల్లిన కాలువకు మళ్లీ నీరు వదిలినట్లు. సాధారణంగా ఇంజక్షన్‌ను కొనసాగిస్తూనే వైద్యులు మరొక మందును జోడిస్తారు. 2011లో అమెరికాలో అనుమతి పొందిన అబిరటెరోన్ వృషణాలు, అడ్రినల్ గ్రంథులు, కణితి, ఈ మూడింటిలోనూ హార్మోన్ తయారీని ఆపుతుంది. దానితో ఇచ్చే ప్రెడ్నిసోలోన్ మాత్రను చిన్నదని విడిచిపెట్టరాదు. రక్తపోటు, పొటాషియం అదుపు తప్పకుండా కాపాడేది అదే. 2012లో వచ్చిన ఎంజలుటమైడ్‌ను గ్రాహకాలు అధికంగా ఉన్న కణాలపై ప్రయత్నించే ఎంపిక చేశారు. ఈ మందులు ఆయుష్షును పెంచుతాయి గాని, వీటినీ వ్యాధి కాలక్రమంలో తప్పించుకొనవచ్చు. హార్మోన్ అంటుకొనే భాగమే లేని పొట్టి గ్రాహకాలను కొన్ని కణాలు తయారుచేసుకొంటాయి.

ఇంటిలోని కుమారులకు కలిగే భయం వేరు. పైన చెప్పిన అదనపు ప్రతులు, అతుకులు కణితిలో పుట్టినవే తప్ప తండ్రి నుండి బిడ్డలకు వచ్చేవి కావు. వారసత్వంగా వచ్చే ముప్పు బీఆర్‌సీఏ2 వంటి ఇతర జన్యువులలోని లోపాల వలన కలుగుతుంది. ఒకే కుటుంబంలో పలువురికి ప్రోస్టేట్, రొమ్ము లేక అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే, ముఖ్యంగా చిన్న వయసులో వచ్చి ఉంటే, ఆ సంగతి వైద్యుడు అడగకపోయినా చెప్పాలి.