ఎర్ర మచ్చలకు లేజర్: ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ ఆగాలి

పసిబిడ్డ ముఖం మీద ఎర్ర మచ్చ కనిపిస్తే చాలా ఇళ్లలో వైద్యం మాటకన్నా ముందు తప్పెవరిదన్న మాట వస్తుంది. గ్రహణం పూట తల్లి బయట తిరిగిందంటారు, కడుపుతో ఉన్నప్పుడు తినకూడనిదేదో తిన్నదంటారు. ఆ తర్వాత ఎవరో ఒకరు లేజర్ చేయిస్తే పోతుందట అని ధైర్యం చెబుతారు. మొదటి మాటలో నిజమే లేదు. రెండో దాంట్లో కొంత ఉంది. ఆ కొంత ఎంతో తేలాలంటే ముందు ఆ మచ్చ ఏ రకమో తెలియాలి. రక్తనాళాల వల్ల ఏర్పడే మచ్చలు చూపుకి ఒకేలా ఎర్రగా ఉన్నా, వాటి తీరు మాత్రం ఒకటి కాదు.

పిల్లల్లో ముఖ్యంగా గుర్తించాల్సినవి రెండు. మొదటిది పోర్ట్ వైన్ స్టెయిన్. పుట్టిన రోజునే కనిపిస్తుంది. చదునుగా, గులాబీ రంగులో ఉంటుంది. ప్రతి వెయ్యి మంది శిశువుల్లో సుమారు ముగ్గురికి వస్తుంది. బిడ్డ పెరిగినకొద్దీ తానూ పెరుగుతుంది, తనంతట తాను పోదు. వయసు మీద పడేకొద్దీ ముదురు ఊదా రంగుకు తిరిగి, కొందరిలో మందమై బుడిపెలు కడుతుంది. దీని మూలం 2013లో బయటపడింది. పిండం ఎదుగుతున్న దశలో ఏదో ఒక కణంలోని జీఎన్‌ఏక్యూ అనే జన్యువులో మార్పు రావడమే చాలా కేసుల్లో కారణం. అది తల్లి నుంచో తండ్రి నుంచో సంక్రమించింది కాదు. గ్రహణానికీ, తల్లి తిన్న తిండికీ దానితో ఏ సంబంధమూ లేదు.

రెండోది హిమాంజియోమా. పుట్టినప్పుడు అసలు కనిపించకపోవచ్చు, లేదా పాలిపోయిన చిన్న గుర్తులా ఉండొచ్చు. కొద్ది వారాలకే ఎర్రగా ఉబ్బి, మొదటి మూడు నెలల్లో వేగంగా పెరుగుతుంది. వంద మంది శిశువుల్లో నలుగురైదుగురికి వస్తుంది. నెలలు నిండకుండా పుట్టినవారిలో, ఆడపిల్లల్లో ఎక్కువ. ఏడాది నిండే సరికి పెరగడం ఆగి, నెమ్మదిగా కుంచించుకుపోవడం మొదలవుతుంది. నాలుగేళ్లు వచ్చేసరికి చాలామందిలో ఆ తగ్గుదల దాదాపు పూర్తవుతుంది. ఒకటి వదిలేస్తే ఉండిపోతుంది, మరొకటి వదిలేస్తే తగ్గుతుంది. లేజర్ ఫలితాలను తూచేటప్పుడు ఈ తేడాయే కీలకం.

లేజర్ పనిచేసే సూత్రాన్ని 1983లో హార్వర్డ్ పరిశోధకులు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ వివరించారు. ఎండలో నల్లగుడ్డ వేడెక్కినంతగా తెల్లగుడ్డ వేడెక్కదు. అలాగే రక్తంలోని హిమోగ్లోబిన్ ఎక్కువగా పీల్చుకునే రంగు కాంతిని చర్మం మీదికి పంపితే, చుట్టూ ఉన్న కణజాలం కన్నా రక్తనాళాలే ఎక్కువ వేడెక్కుతాయి. ఆ కాంతి సెకనులో వెయ్యోవంతు అటూ ఇటూగా మాత్రమే ఉంటే, వేడి పక్కకు పాకేలోపే నాళం గోడ దెబ్బతింటుంది. అంతకుముందు వాడిన ఆర్గాన్ లేజర్‌తో వేడి అదుపు తప్పి చాలామందికి మచ్చకు తోడు కాలిన గాయపు గుర్తు కూడా మిగిలేది. కొత్త సూత్రం మీద తయారైన పల్స్‌డ్ డై లేజర్ ఆ ముప్పును బాగా తగ్గించింది. నేడు దీన్ని ఎక్కువగా 585 లేదా 595 నానోమీటర్ల కాంతితో వాడతారు.

చికిత్స గదిలో జరిగేది ఇది. కళ్లకు రక్షణ కవచం పెడతారు. యంత్రం మొన నుంచి ముందు చల్లటి వాయువు చిమ్ముతుంది, వెంటనే కాంతి మెరుస్తుంది. చల్లదనం పైచర్మాన్ని కాపాడుతుంది, కాంతి లోపలి నాళాలకు తగులుతుంది. మెరుపు పడిన చోటల్లా కొన్ని మిల్లీమీటర్ల గుండ్రటి, ఊదా రంగు కమిలిన గుర్తు తేలుతుంది. అలా పక్కపక్కనే మచ్చంతా నింపుకుంటూ పోతారు. ఆ గుర్తులు తగ్గడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మచ్చ ముందుకన్నా నల్లబడిందని ఆ రోజుల్లో తల్లిదండ్రులు బెంబేలెత్తుతారు. అది అనుకున్నదే, లేజర్ పనిచేసిందనడానికి గుర్తు.

మరి ఫలితాల మాటేమిటి? పోర్ట్ వైన్ స్టెయిన్ దానంతట అదే పోదు కాబట్టి, లేజర్ తర్వాత రంగు తగ్గితే ఆ ఘనత లేజర్‌దేనని ధైర్యంగా చెప్పొచ్చు. 2011లో, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచే కోక్రేన్ సమీక్ష ఈ లేజర్‌పై జరిగిన 5 పరీక్షలను, 103 మంది రోగులను పరిశీలించింది. ఒకటి నుంచి మూడు సిట్టింగుల తర్వాత ఎరుపు 25 శాతానికి మించి తగ్గినవారు, యంత్రం అమరికను బట్టి, సగం మంది నుంచి అందరి దాకా ఉన్నారు. లాభం నిజమే. కానీ పాతిక శాతం తగ్గడం వేరు, మచ్చ మాయమవడం వేరు. ఎన్నో సిట్టింగుల తర్వాత కూడా పూర్తిగా పోయేది కొద్దిమందికే. మెడ మీది మచ్చ స్పందించినంతగా చేతులు, కాళ్ల మీది మచ్చ స్పందించదు. 2007లో నెదర్లాండ్స్ వైద్యులు ఇంకో సంగతి బయటపెట్టారు. చికిత్స ముగిసిన సుమారు పదేళ్లకు 51 మందిని మళ్లీ పరీక్షిస్తే, మచ్చ చికిత్సకు ముందుకన్నా లేతగానే ఉంది గానీ, చికిత్స ముగిసిననాటికన్నా ముదిరింది. చికిత్సకు ముందే ఈ మాట ఇంటివారికి చెప్పాలి.

హిమాంజియోమా దగ్గర కథ మారుతుంది. లేజర్ చేయించిన బిడ్డకు మూడేళ్లకు మచ్చ తగ్గితే, అది యంత్రం వల్ల తగ్గిందా, దాని స్వభావం వల్ల తగ్గిందా? ఒక్క బిడ్డ ముందూ వెనకా ఫొటోలు చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే బ్రిటన్ వైద్యులు 121 మంది శిశువులను చీటీలు వేసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు లేజర్ చేశారు, మరో జట్టును ఊరికే గమనించారు. 2002లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. ఏడాది వయసుకు మచ్చ పోయినవారు, దాదాపు పోయినవారు లేజర్ జట్టులో 42 శాతం, ఊరికే వదిలిన జట్టులో 44 శాతం. పైగా చర్మం పలచబడటం, రంగు పోవడం లేజర్ జట్టులోనే ఎక్కువ. ఇబ్బంది పెట్టని మామూలు హిమాంజియోమాకు తొందరపడి లేజర్ చేయిస్తే కలిసొచ్చేదేమీ లేదని దీంతో తేలింది.

అలాగని ప్రతి హిమాంజియోమానూ వదిలేయకూడదు. కన్ను, ముక్కు, పెదవి దగ్గర పెరుగుతున్నా, పుండు పడినా ఆలస్యం చేయరాదు. అలాంటివాటికి ఇప్పుడు ఒక మందు ఉంది. 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు గుండె సమస్యకు ప్రొప్రనొలాల్ అనే మందు ఇచ్చిన బిడ్డలో హిమాంజియోమా కూడా తగ్గడం గమనించారు. 2015లో వెలువడిన పెద్ద పరీక్షలో ఆరు నెలలు ఆ మందు వాడిన పిల్లల్లో 60 శాతం మందికి మచ్చ పూర్తిగా లేదా దాదాపు పూర్తిగా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో అది 4 శాతమే. ఈ మందుతో రక్తంలో చక్కెర, గుండె వేగం పడిపోవచ్చు, అందుకే పిల్లల వైద్యుల పర్యవేక్షణ తప్పనిసరి. పెరుగుదల మొదటి నెలల్లోనే కాబట్టి, అనుమానం ఉంటే బిడ్డకు నెల నిండేలోపే చూపించడం మేలు. మచ్చ కుంచించుకుపోయాక మిగిలే ఎర్రటి సన్న నాళాలకు మాత్రం లేజర్ పనికొస్తుంది.

మన చర్మం గురించి ఒక మాట. మనకు చామనఛాయనిచ్చే మెలనిన్ కూడా ఆ కాంతిని పీల్చుకుంటుంది. దాంతో నాళాలకు చేరాల్సిన శక్తి కొంత పైనే ఆగిపోతుంది. బొబ్బలు, నల్లమచ్చలు, తెల్లమచ్చలు వచ్చే అవకాశం పెరుగుతుంది. తెల్లచర్మానికి పెట్టిన అమరికనే మనకూ పెడితే హాని జరగొచ్చు. అనుభవమున్న వైద్యులు ముందు చిన్న చోట ప్రయత్నించి, కొన్ని వారాలు ఆగి చూసి, ఆ తర్వాతే ముందుకెళ్తారు.

పెద్దవారిలో ముక్కు పక్కన తేలే సన్నటి నాళాలు, సాలెగూడు ఆకారపు ఎర్ర మచ్చలు, ఛాతీ మీద లేచే చిన్న ఎర్ర పొక్కులు లేజర్‌కు బాగా లొంగుతాయి. వీటికి చికిత్స అందం కోసమే, అవసరం కొద్దీ కాదు. అయితే సాలెగూడు మచ్చలు ఒకేసారి చాలా లేస్తే కాలేయ పరీక్ష ముందు చేయించాలి. పెరుగుతున్న, రక్తం కారుతున్న, రంగు మారుతున్న ఏ మచ్చనైనా రోగనిర్ధారణ కాకుండా లేజర్‌తో కాల్చకూడదు. అలాగే బిడ్డ నుదురు, కనురెప్ప మీద పోర్ట్ వైన్ స్టెయిన్ ఉంటే స్టర్జ్ వెబర్ జబ్బు ఉండొచ్చు. దానివల్ల గ్లకోమా అనే కంటి జబ్బు, మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉంది. ఆ బిడ్డకు లేజర్ కన్నా ముందు కంటి పరీక్ష, నరాల వైద్యుడి సలహా కావాలి.

డబ్బు కట్టేముందు వైద్యుణ్ని నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ మచ్చ పేరేమిటి? వదిలేస్తే ఏమవుతుంది? నాలాంటి చర్మరంగు ఉన్నవారికి మీరు ఎలాంటి జాగ్రత్త తీసుకుంటారు? ఎన్ని సిట్టింగులకు ఎంత తగ్గుదల ఆశించాలి? రెండో ప్రశ్నకు జవాబు చెప్పకుండా ప్యాకేజీ ధర చెప్పేచోట తొందరపడొద్దు, మరో చర్మవైద్యుడికి చూపించండి.